ఐరన్ ఫాస్ఫేట్ నత్తల మందు: పనిచేస్తుంది, కానీ డబ్బా మీద రాసినంత తొందరగా కాదు

ఆకుల అందం కోసం పెంచే హోస్టాని బెంగళూరులో పెంచడం కొంచెం మొండితనమే. జపాన్, కొరియా, చైనాల నుంచి వచ్చిన మొక్క. చలికాలం ఆకులన్నీ వదిలేసి నిద్రపోవాలి, దానికి 5 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని వారాల చలి కావాలి. మా హూడిలో జనవరి తెల్లవారుజామున కూడా ఒక స్వెట్టర్‌తో గడిచిపోతుంది. అయినా ఇంటి ఉత్తరపు సందులో, ఎండ తగలని చోట కుండీలు పెట్టాను. చలి సంగతి డిసెంబర్‌లో చూసుకోవచ్చు. జూన్ వానలతోపాటు దిగే నత్తలు అంతదాకా ఆగవు కదా!

మాకు రెండు రకాలూ వస్తాయి. ఒకటి గుల్ల లేని స్లగ్, రెండోది గుప్పెడంత ఆఫ్రికా నత్త. 1847లో కలకత్తాలో ఎవరో తోటలో వదిలితే దేశమంతా పాకిందది. హోస్టా ఆకు చుట్ట చుట్టుకుని మొలుస్తుంది. ఆ చుట్టని స్లగ్ ఒక్కచోట కొరికినా, ఆకు విచ్చుకున్నాక వరసగా చిల్లులు కనిపిస్తాయి. ఇక ఆ ఆకు ఊడేదాకా అంతే. అందుకే మొలక మట్టిలోంచి తల ఎత్తేటప్పుడే మందు వేయాలి.

ఇక మందు. సన్నటి గుళికలు, అర కిలో డబ్బా. తిన్న నత్త మేయడం మానేసి, ఏ కుండీ కిందకో పోయి మూడు నుంచి ఆరు రోజుల్లో చస్తుంది. శవాలు కనిపించవు కాబట్టి మా అత్తయ్యకి నమ్మకం కుదరలేదు, "ఉప్పు చల్లితే పోయేదానికి ఇంత డబ్బా!" అంటారు. ఉప్పు మట్టిని పాడుచేస్తుందని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. నాకు గుర్తు మాత్రం కొత్త ఆకులే. ఈసారి వచ్చినవి చిల్లుల్లేకుండా విచ్చుకున్నాయి. డబ్బా మీద "రాత్రికి రాత్రే ఫలితం" అని రాయడం మాత్రం పచ్చి అబద్ధం.

చదరపు మీటరుకి 5 గ్రాములు చాలు, పలచగా, సాయంత్రం పూట. కుప్ప పోస్తే దండగ. గట్టి వాన పడితే గుళికలు మెత్తబడి బూజు పడతాయి, మళ్లీ చల్లాలి. సెప్టెంబర్‌లో ఖర్చు కనిపించేది ఇక్కడే.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇంటి ఓనర్ గారి కుక్క. పాత రకం మందులో ఉండే మెటాల్డిహైడ్ కుక్కలకి ప్రాణాంతకం, బ్రిటన్‌లో 2022 నుంచి ఆరుబయట వాడకమే ఆపేశారు. ఐరన్ ఫాస్ఫేట్‌తో ఆ టెన్షన్ చాలా తక్కువ, అయినా డబ్బా అటక మీదే ఉంటుంది. నత్తలు రాకుండా కుండీకి రాగి టేపు, గుడ్డు పెంకులు పెడితే చాలదా అని అడిగేవాళ్లకి: బ్రిటన్ తోటల సంస్థ ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ) వాళ్లు 2018లో లెట్యూస్ మీద పరీక్షిస్తే తేడా ఏమీ రాలేదు.

పెద్ద ఆఫ్రికా నత్తలకి మాత్రం దీన్ని నమ్ముకోకండి. రాత్రి టార్చ్ వేసుకుని ఏరడమే, అదీ గ్లోవ్స్‌తో. వాటిలో మెదడుకి పాకే పురుగు ఉండొచ్చు. హోస్టా ఇంకా కొనకపోతే హాల్సియన్ లాంటి మందపాటి నీలి ఆకు రకం చూసుకోండి, స్లగ్స్‌కి అది అంత రుచించదు.

ఐదుకి నాలుగు. మూత సరిగ్గా బిగియదు, సగం గుళికలు చెమ్మకి ముద్దయ్యాయి. అమ్మినవాళ్లని అడిగితే వేరే డబ్బాలో పోసుకోమన్నారు.