చలి ప్రయాణాలకు మెరీనో ఉన్ని సాక్సులు: చాలాకాలం వాడాక నా మాట

చార్‌ధామ్ యాత్రకో, చలికాలంలో ఏజెన్సీ కొండలకో బయల్దేరేముందు మా అమలాపురం వైపు చాలామంది సాక్సులను వేళ్లతో నలిపి చూసి, మందంగా ఉన్నవి కొనేస్తారు. ఇన్నాళ్లు వాడిన మీదట నేను చెప్పేదేంటంటే, మందం కాదు, ముందు దారం చూడండి. ఆ తర్వాత మీ బూట్లో ఎంత చోటుందో చూడండి.

నేను వాడే సాక్సుల్లో మెరీనో ఉన్ని, అంటే మెరీనో జాతి గొర్రెల ఉన్ని శాతం ఎక్కువ. గట్టిగా ఉండటానికి నైలాన్, జారకుండా ఉండటానికి కొంచెం ఎలాస్టేన్ అనే సాగే దారం కలిపారు. సగం పిక్క దాకా వస్తాయి. ధనుర్మాసంలో పొద్దున్నే కాలువ గట్ల మీద సైకిల్ తొక్కినా, లంబసింగి వెళ్లినా ఇవే వేసుకుంటాను. అసలు విలువ తెలిసింది మాత్రం కేదార్‌నాథ్ దారిలో. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల పైమాటే, గుడి ఉన్నది దాదాపు 3,580 మీటర్ల ఎత్తులో. ఎక్కుతున్నంతసేపూ పాదాలకు చెమట పడుతుంది. టీకి ఆగామంటే ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. నూలు సాక్సులు ఆ తడిని పట్టుకుని ఓ పట్టాన వదలవు. ఉన్ని అయితే తన బరువులో దాదాపు మూడోవంతు చెమ్మను పోగు లోపలికి పీల్చుకున్నా కాలికి తడి తెలియనివ్వదు. మాతో వచ్చినవాళ్లలో నూలువి వేసుకున్నవారు ఆగిన ప్రతిచోటా వేళ్లు రుద్దుకుంటూ కూర్చున్నారు. నా పాదాలు వెచ్చగానే ఉన్నాయి. మెరీనో పోగు సన్నం కాబట్టి మామూలు ఊలులా దురద కూడా పెట్టదు.

రెండు జతలు ఒకదానిమీద ఒకటి తొడిగితే రెట్టింపు వెచ్చదనం వస్తుందని మన పెద్దవాళ్లకు గట్టి నమ్మకం. దయచేసి అలా చేయనివ్వకండి. వెచ్చదనాన్ని నిలిపేది పోగుల మధ్య ఉండే గాలి. బూటు బిగిస్తే ఆ గాలికి చోటుండదు, పైగా రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. బూట్లు కొనడానికి వెళ్లేటప్పుడు ఈ సాక్సులే తొడుక్కోండి. అదీ సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు. లోపల వేళ్లు సులువుగా కదలాలి.

చలికాలంలో బజార్లో ఊలు సాక్సులని అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ దారంతో చేసినవే. రాత్రి ఇంట్లో వేసుకుని పడుకోవడానికి అవి చాలు, కొండ ఎక్కడానికి చాలవు. లేబుల్ మీద ఉన్ని శాతం చదవండి.

లోపాలూ ఉన్నాయి. ధర మామూలు వాటికి ఎన్నో రెట్లు. నా పాత జతకు మడమ దగ్గర అల్లిక పలచబడింది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మన డెల్టా గాలి. వానాకాలంలో ఉతికితే ఒక పట్టాన ఆరవు, సగం ఆరినవి మడిచి పెడితే ముక్కవాసన పట్టేస్తుంది. చన్నీళ్లలో, తిరగేసి, కొద్దిపాటి సబ్బుతో ఉతకండి. పిండకుండా పొడి తువ్వాలులో చుట్టి నొక్కితే నీళ్లు చాలావరకు పోతాయి. తర్వాత ఫ్యాన్ కింద ఆరేయండి. వేడినీళ్లలో రుద్దితే కుంచించుకుపోతాయి. ఉన్నిని కొరికే పురుగులు ఉంటాయి కాబట్టి, బాగా ఆరాక గాలి చొరబడని డబ్బాలో దాచండి.

కొనేవాళ్లు రెండు జతలు తీసుకోండి. రాజమండ్రిలో రైలెక్కినప్పటి నుంచి వేసుకున్న జతతోనే కొండ ఎక్కొద్దు, అప్పటికే అది చెమట పట్టి ఉంటుంది. ఒకటి నడకకు పెట్టుకుని, రెండోది రాత్రి పడుకునేటప్పుడు తొడుక్కోవడానికి పొడిగా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో ఉంచండి.