గాజు జార్‌కు ఊలు తొడుగు: ఒక అల్లిక కిట్‌పై సమీక్ష

కోఠి సుల్తాన్ బజార్‌లో ఊలు, లేసులు, గుండీలు అమ్మే ఒక చిన్న దుకాణంలో ఈ కిట్ 650 రూపాయలకు దొరుకుతోంది. పెట్టెలో అర లీటరు పట్టే మూత గాజు జార్, 50 గ్రాముల బూడిద రంగు ఊలు ఉండ, చారల కోసం ఆవపిండి రంగులో మరో చిన్న ఉండ, రెండు కొసలూ మొనదేలిన వెదురు సూదులు ఐదు, మొద్దు మొన ఉన్న దబ్బనం ఒకటి, నాలుగు పేజీల సూచనల పుస్తకం ఉన్నాయి. చల్లని పానీయం పోసుకుని తాగే జార్‌కు ఊలు తొడుగు ఎందుకన్న సందేహం హైదరాబాదులో ఎవరికైనా రావలసిందే కనుక, కిట్ మంచిచెడ్డల కంటే ముందు ఆ సంగతి చూడాలి.

ఊలు తనంతట తాను వేడిని పుట్టించదు. దాని పోగులకు సహజంగా ఉండే వంకీల మధ్య గాలి నిలిచిపోయి, వేడిని అటు నుంచి ఇటుకూ ఇటు నుంచి అటుకూ తేలికగా దాటనివ్వదు. చలికాలంలో ఒంటి వేడిని బయటికి పోనివ్వని ఆ గుణమే మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన ఎండ వేడి ఐసు వేసిన మజ్జిగకు చేరకుండా చాలాసేపు ఆపుతుంది. రెండవది చెమ్మ సంగతి. సబ్జా గింజలు వేసిన చల్లని నిమ్మరసం పోయగానే గాజు బయట నీటి బిందువులు కడతాయి. నూలు తొడుగు వేస్తే అది తడిసి గాజుకు అంటుకుంటుంది, అక్రిలిక్ తొడుగు నీటిని పీల్చుకోలేక కిందికి వదిలేస్తుంది. ఊలు మాత్రం తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను లోపలికి తీసుకుని కూడా చేతికి తడిగా తగలదు. స్వెట్టర్ ఏడాదికి కొన్ని వారాలే వేసుకునే ఈ ఊళ్లో, అల్లిక వచ్చిన వారికి సంవత్సరం పొడుగునా పనికివచ్చే ఊలు వస్తువు ఏదైనా ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం.

కనుక ఈ కిట్‌లో మొదట పరీక్షించవలసింది ఊలునే. బూడిద రంగు ఉండ నుంచి ఒక పోగు తెంచి అగ్గిపుల్లతో అంటిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, మంట తీసేయగానే ఆరిపోయింది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అయింది. అది నిఖార్సయిన ఊలు లక్షణం. అల్లుతున్నప్పుడు పోగు పురి విడిపోలేదు, ఉండలో ఎక్కడా ముడి తగలలేదు, వెదురు సూదుల మీద కుట్లు జారిపోకుండా నిలిచాయి. వేసవిలో చేతికి చెమట పడితే స్టీలు సూది మీద ఊలు పట్టేస్తుంది కాబట్టి వెదురును ఎంచుకోవడం తెలివైన పని. ఇంతవరకు కిట్ తయారుచేసిన వారిని మెచ్చుకోవలసిందే. కానీ ఆవపిండి రంగు పోగును అదే విధంగా అంటిస్తే అది కాలడానికి బదులు కరిగి, చల్లారాక గట్టి నల్లని పూసగా మారింది. పెట్టె మీద ఊలు అని మాత్రమే రాసి, చారలకు అక్రిలిక్ ఇచ్చారు. ఇది రంగు చూసి ఊరుకోదగిన తేడా కాదు. ఒకే తొడుగులో రెండు రకాల పోగులు ఉంటే ఉతికినప్పుడు ఊలు కొంత దగ్గరికి వస్తుంది, అక్రిలిక్ రాదు. అప్పుడు చార దగ్గర తొడుగు ముడతలు పడి ఉబ్బుతుంది. చారలు మానేసి మొత్తం బూడిద రంగులోనే అల్లుకోవడం మంచిది. ఊలుకు లోటు రాదు, ఒక తొడుగుకు 50 గ్రాములలో సగం కూడా పట్టదు.

సూచనల పుస్తకంలో లెక్క మాత్రం సరిగ్గా వేశారు. జార్ వ్యాసం 8 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 25. ఈ ఊలుతో 4 మిల్లీమీటర్ల సూది మీద 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తాయి కనుక 50 కుట్లు ఎక్కించాలని కొత్తవారు అనుకుంటారు. పుస్తకం 44 కుట్లే ఎక్కించమంటుంది. తొడుగు 22 సెంటీమీటర్లకే తయారై, గాజు మీద సాగి, తనంతట తానే పట్టుకుని నిలబడాలన్నది దాని ఉద్దేశం. రెండు సీదా కుట్లు, రెండు ఉల్టా కుట్లుగా సాగే, నిలువు గీతల్లా కనిపించే రిబ్బు అల్లికకు కుట్ల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి కాబట్టి కూడా 44 చక్కగా కుదిరింది. ఇంత ఆలోచించి రాసిన పుస్తకం, సూది కొలత దగ్గరికి వచ్చేసరికి కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది. అందులో కొలత మిల్లీమీటర్లలో లేదు, 6 నంబరు సూది అని మాత్రమే ఉంది. అమెరికా లెక్కలో 6 నంబరు అంటే 4 మిల్లీమీటర్లే, అందులో పొరపాటు లేదు. అయితే మన బజారులో ఇప్పటికీ నడుస్తున్నది పాత ఇంగ్లండు లెక్క, అందులో 4 మిల్లీమీటర్ల సూది 8 నంబరు, 6 నంబరు సూది 5 మిల్లీమీటర్లు. కిట్‌లోని వెదురు సూది ఒకటి విరిగిందనో పోయిందనో కోఠిలో గాని, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గాని పుస్తకం చూసి 6 నంబరు అడిగిన వారికి లావు సూది చేతిలో పెడతారు. దానితో అల్లితే అవే 44 కుట్లు జార్ చుట్టుకొలత అంత వెడల్పు అవుతాయి, బిగువు పోతుంది, జార్‌ను ఎత్తగానే తొడుగు అడుగుకు జారుతుంది. వెల వేయించుకున్న పుస్తకంలో ఒక్క అంకె మార్చి అచ్చు వేయించడం అంత కష్టమైన పని కాదు.

పై అంచు విషయంలో కూడా ఒక సూచన లోపించింది. అడుగు మూసిన తొడుగును జార్‌కు ఎక్కించాలంటే పై అంచు జార్ నడుము మీదుగా సాగి రావాలి. మామూలు పద్ధతిలో కుట్లు ఎక్కిస్తే ఆ అంచు తాడులా బిగుసుకుని లోపలికి పోనివ్వదు. మొదటి వరుసను ఒక సైజు పెద్ద సూదితో వదులుగా ఎక్కిస్తే సరిపోతుంది. సూదులు మారే చోట కుట్ల మధ్య నిచ్చెన మెట్లలా సందులు పడటం ఈ రకం సూదులతో అందరికీ ఎదురయ్యేదే. ప్రతి సూది మీద రెండో కుట్టును కాస్త బిగించి లాగితే తగ్గుతుంది. అడుగు భాగం బాగా కుదిరింది. నాలుగు కుట్లకు ఒకటి చొప్పున తగ్గించి 33, తరువాత 22, ఆ తరువాత 11 చేస్తూ, మధ్యలో సాదా వరుసలు వేయించారు కనుక అడుగు సంచిలా ముడుచుకోకుండా పరుచుకుంది.

పెట్టె మీది బొమ్మ మాత్రం నాకు నచ్చలేదు. అందులో ఈ జార్ నిండా పొగలు కక్కుతున్న ఇరానీ చాయ్ చూపించారు. 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ మర మూత గాజు జార్‌కు పేటెంటు తీసుకున్నది పండ్లు, కూరగాయలు నిలవ చేసుకోవడానికి. ఆ పనిలో గాజును సరుకుతో పాటు నెమ్మదిగా వేడి చేస్తారు. చల్లగా ఉన్న మామూలు గాజులో మరుగుతున్న చాయ్ ఒక్కసారిగా పోస్తే లోపలి గోడ వ్యాకోచించి, బయటి గోడ అలాగే ఉండి, జార్ పగిలే ప్రమాదం ఉంది. తొడుగు చేతిని వేడి నుంచి కాపాడుతుంది గాని గాజును కాపాడదు. వేడి పానీయాలకు వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు జార్ విడిగా కొనుక్కుని, అదే కొలతకు మరో తొడుగు అల్లుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఈ ఊలు మెరినో, అంటే సన్నని మెత్తని ఊలు ఇచ్చే గొర్రె జాతిది, అని దుకాణదారు గర్వంగా చెప్పారు. మెడకు చుట్టుకునే వస్తువుకైతే ఆ మెత్తదనం అవసరమే. మన దక్కనీ గొర్రె ఊలు ముతక, సహజంగానే నలుపు; కురుమలు దానినే వడికి, పడుగుకు చింతగింజల గంజి పెట్టి గొంగళ్లు నేస్తారు, వానలో గొర్రెల కాపరిని కాచేది ఆ గొంగడే. చర్మానికి గుచ్చుకుంటుందన్న ఒక్క కారణంతో ఆ ఊలును అల్లికలో పక్కన పెడుతున్నాం, కానీ గాజుకు గుచ్చుకుంటే ఏమి నష్టం? తెలంగాణ ఊలుతో ఇటువంటి కిట్ ఎవరైనా పెడితే ఇంతకంటే ఎక్కువ ధర అయినా నేను కొంటాను.

అల్లిక వచ్చి, ఇంట్లో జార్, 8 నంబరు సూదులు ఉన్నవారు ఒక్క ఊలు ఉండ విడిగా కొనుక్కుంటే చాలు. సీదా, ఉల్టా మాత్రమే తెలిసి గుండ్రంగా అల్లడం ఇంకా రానివారికి, పైన చెప్పిన సవరణలతో, ఈ కిట్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. పిడి ఉన్న జార్‌కు మాత్రం ఈ నమూనా పనికిరాదు. దానికి బల్లపరుపుగా అల్లి, పిడి దగ్గర సందు వదిలి, గుండీలు పెట్టుకోవాలి. ఉతికేటప్పుడు వాషింగ్ మెషీన్ వద్దు, వేడి నీళ్లు అసలే వద్దు. వేడి, రాపిడి కలిస్తే ఊలు పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని తొడుగు దళసరిగా, చిన్నదిగా గడ్డకడుతుంది. చల్లని నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, అదే జార్‌కు తొడిగి నీడలో ఆరబెడితే కొలత చెడదు. వానాకాలంలో మాత్రం పూర్తిగా ఆరాకే జార్‌కు తొడిగి ఉంచాలి, లేకుంటే ముక్క వాసన పట్టి పానీయం దగ్గరికి రానివ్వదు.