పాత టోన్ కోసం పికప్‌లు మార్చి నాలుగేళ్లు: నా గొడవంతా ఆ రొదతోనే

నా ఎలక్ట్రిక్ గిటార్‌కు వేసుకున్న ఈ పికప్‌లు (తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే, అయస్కాంతాల చుట్టూ రాగి తీగ చుట్టిన ముక్కలు) మంచివే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే కింద రాసింది చదివి, తిట్టడానికే కూర్చున్నాననుకుంటారు. ఏడు నెలలు నిజంగానే తిట్టాను. చుట్టిచ్చినాయనకు ఫోన్ చేసి మరీ తిట్టాను. ఆ సంగతికి వస్తాను.

నాది 14 వేల రూపాయల స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) కాపీ. ఒకప్పుడు నల్లగొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ గణేశ్ మండపాలకూ ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ని. ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోనే. పాత సినిమా పాటల్లో గిటార్ బిట్ వస్తుంది చూడండి, మీటగానే చిన్న గంటలా మోగి, సాగదీయకుండా ఆరిపోతుంది. నాకు ఆ టోన్ పిచ్చి. నా గిటార్‌తో వచ్చిన పికప్‌లలో పోల్స్ (ఒక్కో తీగ కింద ఉండే చిన్న కడ్డీలు) ఉత్త ఇనుపవి, వాటి అడుగున ఒక సెరామిక్ అయస్కాంతం పట్టీ అంటించి ఉంది. 1954లో అమెరికాలో మొదటి స్ట్రాట్‌లు వచ్చినప్పుడు ఒక్కో పోల్ ఒక్కో ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతం, చుట్టూ 42 గేజ్ సన్నటి రాగి తీగ. అదే లెక్కలో చేత్తో చుట్టిన సెట్ ఒకటి 9 వేలకు తెప్పించాను. 14 వేల గిటార్‌కు 9 వేల పికప్‌లు. ఇంట్లో ఈ లెక్క ఇప్పటికీ చెప్పలేదు.

సరిగ్గా ఆ వారమే మేం ప్రకాశం బజార్ దగ్గరి అద్దె ఇల్లు ఖాళీ చేసి, పానగల్ వైపు నాన్న ఎప్పుడో కట్టించిన ఇంటికి మారాం. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం ఏడు నెలలు మర్చిపోయాను.

కొత్తింట్లో మొదటిసారి ఆంప్‌కు తగిలించి మీటగానే ఒళ్లు జలదరించింది. గంట మోగింది. దాని వెనకే తేనెతుట్టె కదిలించినట్టు ఒక రొద కూడా మొదలైంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) అన్నాక కొంత హమ్, అంటే కరెంటు లైన్ల నుంచి పట్టే గుయ్‌మనే శబ్దం ఉంటుంది, అది తెలుసు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దాదాపు జి స్వరం. జి మేజర్ పాటకైతే ఎవరో వెనక తంబురా పట్టుకున్నట్టే ఉంటుంది, దానితో నాకు పేచీ లేదు. కానీ ఇది ఆ గంభీరమైన హమ్ కాదు. సన్నగా, గీరుతున్నట్టు వచ్చే జుయ్‌మనే శబ్దం. గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద పెడితే మరీ ఎక్కువ, అయిదు మీద పెడితే కాస్త తక్కువ. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారితే ఇక చెవిలో కందిరీగే.

మామూలుగా తీగల మీద చెయ్యి పెడితే ఇలాంటి రొద తగ్గాలి. తీగలు బ్రిడ్జి (అవి కింద ఆనే లోహపు భాగం) ద్వారా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి కాబట్టి, మన ఒళ్లు పట్టి తెచ్చే రొద అటు దిగిపోతుంది. నాకు తగ్గలేదు. బ్రిడ్జి వైరు ఊడిందేమోనని గిటార్ విప్పాను. ఊడలేదు. అయినా మళ్లీ సోల్డర్ చేశాను. నా దగ్గరున్నది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్. పాట్ (వాల్యూమ్, టోన్ గుండీల కింద ఉండే భాగం) వీపు మీద సీసం కరిగేలోపు పాటే కాలిపోయింది. కొత్త పాట్‌ల కోసం హైదరాబాద్ బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. వెళ్లినవాణ్ని ఊరికే రాకుండా రాగి రేకు టేపు కూడా తెచ్చి, గిటార్ పొట్ట లోపలంతా పెళ్లి మండపానికి తళుకు కాగితం అంటించినట్టు అంటించాను. రొద కొంచెం తగ్గింది, పోలేదు. పికప్‌లను ఎంచుకునే సెలెక్టర్ స్విచ్ రెండులో, నాలుగులో పెట్టినప్పుడు, అంటే నడిమిదీ పక్కదీ కలిసి పలికేటప్పుడు, ఆ హమ్ పూర్తిగా పోతోంది, ఎందుకంటే ఈ సెట్‌లో నడిమి పికప్‌ను తిరగేసి చుట్టారు, అయస్కాంతమూ తిరగేశారు. రొద మాత్రం అక్కడా ఉంది. తప్పు కాయిల్‌ది కాదని అక్కడే అర్థం కావాల్సింది. బదులుగా నేను చుట్టినాయనకు ఫోన్ చేసి, అనాల్సినవీ అనకూడనివీ అనేశాను. ఆయన ఓపిగ్గా పంపించమన్నాడు. కొరియర్ చేశాను. మూడింటి రెసిస్టెన్సూ 6 కిలో ఓమ్‌లకు అటూ ఇటూగా ఉందని, లోపమేమీ లేదని తిప్పి పంపాడు, పైసా అడగలేదు.

మలుపు మిర్యాలగూడలో వచ్చింది. మా ఆర్కెస్ట్రా కీబోర్డ్ అన్న ఇంట్లో ఒకరోజు తగిలిస్తే, తీగ మీద వేలు పెట్టగానే ఆ జుయ్‌మనే రొద చప్పున ఆగిపోయింది. అన్న నవ్వి, "గిటార్ మంచిగనే ఉంది కదరా, పోయి నీ ఇల్లు చూపించుకో" అన్నాడు.

చూపించుకున్నాను. ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చి ఫేజ్‌కూ ఎర్త్ పిన్నుకూ మధ్య బల్బు పెట్టాడు. బల్బులో ఎర్రటి దారం కనిపించీ కనిపించనట్టు వెలిగింది. "అన్నా, మీ ఇంట్ల ఎర్త్ పేరుకే ఉంది. గుంతల నీళ్లు పోసిండ్రా ఎన్నడన్న?" అని అడిగాడు. గుంత ఎక్కడుందో కూడా నాకు తెలియదు. అమ్మ చూపించింది. దాని మీద రోలు బోర్లించి ఉంది. తవ్వితే ఉప్పుకు జీఐ (జింకు పూత ఇనుప) వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది, మన్ను రాయిలా ఎండిపోయింది. అప్పుడప్పుడు ఆంప్ రేకు తగిలితే చేతికి చిమచిమ ఎందుకు అనిపించేదో అప్పుడు తెలిసింది. ఇది నవ్వుకునే విషయం కాదు. తీగలు పట్టుకుని మైకుకు మూతి ఆనించే అలవాటున్నవాళ్లు ఇంటి ఎర్త్ ఒకసారి చూపించుకోండి, టోన్ సంగతి తర్వాత. కొత్త వైరు, బొగ్గు, ఉప్పు, కూలీ అన్నీ కలిపి పికప్‌ల ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. సాయంత్రం తగిలించాను. హమ్ ఉంది, తంబురాలా. జుయ్‌మనే రొద లేదు. చుట్టినాయనకు ఫోన్ చేసి క్షమించమన్నాను. "మీరు మూడోవాళ్లు" అన్నాడాయన.

ఇక టోన్. గంట అన్నాను కదా. నాలుగేళ్ల తర్వాత ఆ మాటను కాస్త సవరించుకోవాలి. పికప్‌లతో పాటు పాట్‌లు కూడా 250 కె (కిలో ఓమ్‌లవి) వేశాను, కాబట్టి తియ్యదనంలో దేని వాటా ఎంతో చెప్పలేను. పైగా ఆల్నికో పోల్స్ దగ్గరగా ఉంటే తీగను లాగుతాయి. మొదట్లో ఆరో తీగ పై ఫ్రెట్లలో రెండు శ్రుతులు కలిసినట్టు పలికేది. మెడ వైపు పికప్‌ను స్క్రూలతో బాగా దించాకే సరయింది. టోన్‌లో నేను మెచ్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ దించడం వల్లేనేమోనని ఇప్పుడు అనుమానం. డబ్బులేమీ పెట్టకుండా పాత పికప్‌లనే దించి చూడాల్సింది ముందు. ఇంకోటి, పాతకాలం పద్ధతి కాబట్టి మూడో తీగ కింద పోల్ ఎత్తుగా ఉంది. ఆ రోజుల్లో మూడో తీగకు చుట్టు ఉండేది. ఇప్పటి నున్నటి తీగ వేస్తే అది మిగతావాటి మీద అరుస్తుంది. నేను అక్కడ మీటు కాస్త తేలిగ్గా వేయడం అలవాటు చేసుకున్నాను.

డిస్టార్షన్ పెట్టి వాయించేవాళ్లకు ఈ సెట్ చెప్పను. ఆంప్ గెయిన్ పెంచిన కొద్దీ ఆ తంబురా కూడా పెరుగుతుంది. మండపాలకైతే నేను ఇప్పటికీ తమ్ముడి హంబకర్ (హమ్ రద్దయ్యేలా రెండు చుట్టలున్న పికప్) గిటారే పట్టుకెళ్తాను, అక్కడి జనరేటర్, సీరియల్ లైట్ల మధ్య దీన్ని పెట్టలేను. రాత్రి పిల్లలు పడుకున్నాక తక్కువ వాల్యూమ్‌లో క్లీన్‌గా వాయించుకునే నాలాంటివాడికి మాత్రం 9 వేలు వృథా అనిపించలేదు. ఉద్యోగం లేనప్పుడైతే కొనేవాణ్నో కాదో.

గుంతలో ఎండాకాలం వారానికో బకెట్ నీళ్లు పోస్తున్నాను. ఫ్యాన్ రెగ్యులేటర్ మాత్రం మార్చలేదు. నల్లగొండ ఎండలకు మే నెలలో అది ఎలాగూ అయిదు మీదే తిరుగుతుంది.