వీలునామా, సెటిల్‌మెంట్, జీపీఏ: పిల్లలకు ఆస్తి అందించడానికి ఏది మేలు?

"వీలునామా అంటే రేపు గొడవలొస్తాయమ్మా, ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేసెయ్." ఈ మాట విని మా పెద్దమ్మ ఇల్లు కొడుకు పేరున సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తిని రాసిచ్చేసే దస్తావేజు) రాసిచ్చింది. వేలిముద్రలు వేశాక బొటనవేలి సిరాని చీర కొంగుకి తుడుచుకుంటూ "ఇంక నాకు నిశ్చింత" అంది. రెండేళ్లు తిరిగేసరికి అదే ఇంట్లో ఆవిడ మంచం ముందుగదిలోంచి మెట్ల కిందకి చేరింది. దస్తావేజు తీయించి చదివాను. ఇంటిని "సర్వహక్కులతో అనుభవించగలవాడవు" అని కొడుక్కి రాసి ఉంది. తల్లిని చూసుకోవాలన్న ముక్క ఒక్కటీ లేదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక ఇల్లు, కాస్త పొలం, కొన్ని డిపాజిట్లు ఉన్న మామూలు కుటుంబానికి వీలునామాయే మేలు. ఊపిరి ఉన్నంతవరకు ఆస్తి మీదే. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. తెల్ల కాగితం మీద రాసినా చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

ఆ సాక్షుల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. తమకంటే పెద్దవాళ్లనో, ఈడువాళ్లనో పిలుస్తారు. తీరా కోర్టులో వీలునామా రుజువు చేయాల్సి వచ్చేసరికి సాక్షులు బతికి ఉండరు. రిజిస్టర్ చేయించినా ఈ రుజువు తప్పదు. కాబట్టి మీకంటే చిన్నవాళ్లని, ఆస్తిలో వాటా రానివాళ్లని పెట్టుకోండి. ఇంకో మాట: పిత్రార్జితంలో మీ వాటా మాత్రమే మీరు రాయగలరు. హిందూ కుటుంబాల్లో 2005 సవరణతో కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది. తాతల నాటి పొలమంతా కొడుక్కే రాసేస్తే కుదరదు. ముస్లింలైతే సాధారణంగా మూడో వంతుకి మించి వీలునామా రాయలేరు.

ఇక సెటిల్‌మెంట్, గిఫ్ట్ డీడ్. రిజిస్టరై, తీసుకునేవారు ఒప్పుకున్నాక మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. స్టాంపు ఖర్చు కూడా ఉంటుంది. కానీ ఆ తర్వాత పిల్లలకి ఏ అనుమానమూ మిగలదు, అది దీని బలం. మీకు వేరే ఇల్లో, పింఛనో ఉండి, పంపకాలు మీ కళ్లముందే తేలిపోవాలనుకుంటే ఇది సరైన దారే. అయితే రెండు వాక్యాలు తప్పకుండా రాయించండి: మీరు, మీ జీవిత భాగస్వామి బతికినంతకాలం అందులో ఉండి అనుభవిస్తారని, తీసుకున్నవారు మిమ్మల్ని పోషించాలని. 2007 వయోవృద్ధుల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, పోషించాలన్న షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయగలదు. ఆ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలంది. ఏమైనా, దస్తావేజులోనే ఉంటే ఆ వాదనంతా అక్కర్లేదు.

జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. దాన్ని వీటితో పోల్చడమే తప్పు, కానీ జనం పోలుస్తారు. "మా అబ్బాయికి పవర్ ఇచ్చేశాను, నా తర్వాత వాడే చూసుకుంటాడు" అంటారు. ఇచ్చినవారు పోయిన క్షణం మామూలు జీపీఏ కూడా పోతుంది. అంతకంటే బాధ కలిగించేది, మతి స్థిమితం తప్పినా అది చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. మతిమరుపు జబ్బు ముదిరి నాన్న సంతకం చేయలేని రోజున, సరిగ్గా ఆ అవసరానికని రాయించుకున్న కాగితం పనికిరాదు. గార్డియన్ కోసం కోర్టుకి వెళ్లాలి. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఉంది, మనకి లేదు. అందుకని రోజువారీ ఖర్చుల ఖాతానైనా ఇద్దరిలో ఎవరైనా తీసుకునే జాయింటు ఖాతాగా ముందే మార్చుకోండి. జీపీఏ పెట్టి ఆస్తి కొంటే యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. విదేశంలో ఉన్నవారి తరఫున పనులు నడపడానికి మాత్రం జీపీఏ చక్కగా ఉపయోగపడుతుంది.

ట్రస్టు, అంటే ఒకరి మేలు కోసం ఆస్తిని ఇంకొకరి చేతికి అప్పగించే ఏర్పాటు, అందరికీ అవసరం లేదు. తనంతట తాను డబ్బు చూసుకోలేని బిడ్డ ఉంటే మాత్రం వీలునామా ఒక్కటే చాలదు. ఎవరు, ఎంత, దేనికి ఖర్చు పెట్టాలో ట్రస్టు దస్తావేజులో రాయొచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద గార్డియన్‌ని కూడా పెట్టించుకోవచ్చు.

నామినీ పేరుంటే చాలనుకునేవారికి ఒక మాట. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ డబ్బు అందుకుంటారు, అంతమాత్రాన సొంతదారు అయిపోరు. వీలునామా రాస్తే డిపాజిట్ల సంగతి కూడా అందులో రాయండి.

పెద్దమ్మ చేత ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టించాం. వచ్చే వాయిదాకి ఆవిడతో నేనూ వెళ్తున్నాను.