చెట్లనీడలో పసుపా, అనాసా: కొండవాలు మట్టికి ఏది మేలు?

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల్లో (2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేవరకు ఇవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే) సవర, జాతాపు రైతులు చెట్ల నీడన పసుపు, అల్లం, అనాస పండిస్తారు. నరికి కాల్చే పోడు కన్నా ఇది నేలకు నిస్సందేహంగా మేలు. పోడు మంటలో నత్రజని చాలావరకు పొగలో పోతుంది. బూడిదలో మిగిలిన పొటాష్‌లో చాలా భాగం తొలి వానలకే వాలు దిగుతుంది. అయితే చెట్టు నిలిచి ఉన్నంత మాత్రాన మట్టి నిలవదు.

ఎత్తయిన చెట్టు ఆకుల మీద పడిన వాన పెద్ద బొట్లుగా కూడి జారుతుంది. ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి పడే బొట్టు నేలను చేరేసరికి దాదాపు పూర్తి వేగం అందుకుంటుంది. కింద రాలిన ఆకుల పొర, చిన్న పొదలు ఉంటే ఆ దెబ్బను అవే కాచుకుంటాయి. వాటిని ఊడ్చేస్తే బయలు నేల మీదకన్నా చెట్టు కిందే మట్టి ఎక్కువగా చెదరవచ్చు. అడవి నేల సారంలో అధికభాగం పైపొరలోనే ఉంటుంది కనుక, ముందుగా కొట్టుకుపోయేవి సన్నని బంకమన్ను, కుళ్లిన ఆకు, వాటిని అంటిపెట్టుకున్న నత్రజని, భాస్వరం.

పసుపుతో చిక్కు ఇక్కడే. విత్తనపు కొమ్ములు నాటడానికి నేలను గుల్ల చేసిన వెంటనే నైరుతి వానలు వస్తాయి. దుంప తవ్వినప్పుడు అదే నేల మళ్లీ తిరగబడి, వేసవి గాలివానలకు బోసిగా దొరుకుతుంది. దుంపతోపాటు పొటాష్ కూడా పెద్ద మోతాదులో పొలం దాటుతుంది. హెక్టారుకు 12–15 టన్నుల పచ్చి ఆకు పరచమని చెప్పే సలహా మంచిదే కాని, ఆ ఆకును పక్క అడవిలో ఊడ్చి తెస్తే ఇక్కడి నష్టాన్ని అక్కడికి మార్చినట్టే అవుతుంది.

అనాసను ఒకసారి నాటితే పిలకల మీద కొన్నేళ్లు కాపు తీయవచ్చు. ఏటా తవ్వే పని లేదు. వాలుకు అడ్డంగా, దగ్గర దగ్గరగా నాటిన వరుస నీటి వేగాన్ని తగ్గించి మట్టిని ఆపుతుంది. వాలు వెంబడి నిలువుగా నాటితే మాత్రం వరుసల మధ్య జాగా కాలువగా మారుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తెచ్చినంతటి వాన పడితే ఆ కాలువలు ఎంత మట్టిని మోస్తాయో ఊహించవచ్చు.

రాబడి చూస్తే మాత్రం తూకం పసుపు వైపు మొగ్గుతుంది. ఉడికించి ఎండబెట్టిన పసుపు ధర వచ్చేదాకా ఇంట్లో నిలుస్తుంది. అనాస పండు ఆగదు, సంతలో అడిగినంతకు ఇచ్చెయ్యాలి. ఈ తేడాను లెక్కించకుండా పసుపు మానమనడం న్యాయం కాదు. అందుకే నా దృష్టిలో నిటారు వాలుకు అనాసే మేలు; పసుపు, అల్లం కొండ దిగువన, వాలు తగ్గిన చోటికే పరిమితం కావాలి. అక్కడ కూడా మొత్తం మడిని ఒకే ఏడాది తవ్వకుండా అడ్డపట్టీలుగా విడదీసి, పట్టీల మధ్య అనాస వరుసో, తాకని గడ్డో ఉంచాలి. పసుపు ఆకును తగలబెట్టకుండా తవ్విన నేల మీదే పరచాలి.