చెప్పడమా, ఆపేయడమా?

ఇంటికి చుట్టాలు వస్తున్నారు. హాల్లో మాట విని పలికే అలెక్సా స్పీకర్, గుమ్మం పైన కెమెరా. ఉన్నాయని చెప్పాలా, చడీచప్పుడు లేకుండా ఆపేస్తే చాలా?

గూగుల్ పరికరాల విభాగాధిపతిగా ఉన్నప్పుడు రిక్ ఓస్టర్లోకు 2019లో ఇదే ప్రశ్న ఎదురైంది. తన ఇంటికి వచ్చేవారికి తాను చెబుతానన్నారు. మన ఇళ్లలో అదంత సులువు కాదు. మంచినీళ్లు అందిస్తూనే “అత్తయ్యా, అది మాటలు వింటుంది” అంటే, “విననీలే” అంటుంది ఆవిడ, ఏం వింటుందో తెలియకుండానే. ఆ తర్వాత కోడలి గురించి చెప్పబోయిన మాట మింగేస్తుంది.

ఆపేయడంలో ఈ మొహమాటం లేదు. అలెక్సా ఉండే ఎకో స్పీకర్ మీద మైకు గుర్తున్న బొత్తం నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. మళ్లీ నొక్కేదాకా ఎంత పిలిచినా పలకదు. పిల్లలు పాట పెట్టమని గొడవ చేస్తారు, అంతే. కెమెరా మీద తువ్వాలు కప్పితే మాత్రం బొమ్మే ఆగుతుంది, మైకు ఉంటే మాటలు వెళుతూనే ఉంటాయి. ప్లగ్గు పీకాలి.

2023 నాటి మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాల జోలికి రాదు. కాబట్టి నిర్ణయం ఇంటివారిదే.

గంటసేపు కూర్చుని వెళ్లేవారికైతే స్పీకర్ ఆపేస్తే చాలని నా అభిప్రాయం. రాత్రి ఉండేవారికి రెండూ చేయాలి. గుమ్మం కెమెరా ఎలాగూ ఆపం కనుక చెప్పాల్సిందే. పడుకునే గదిలో కెమెరా ఉంటే చెప్పడం చాలదు, తీసేయాలి. ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ కూడా 2024 ఏప్రిల్ 30 నుంచి అద్దె ఇళ్ల లోపల కెమెరాలను, ముందే చెప్పినా సరే, ఒప్పుకోవడం లేదు.