మే నెలలో శ్రీలంక: అక్కడివాళ్లను అడిగి మార్చుకున్న ప్రయాణం

2025 వేసవి సెలవుల్లో శ్రీలంక వెళ్దామనుకున్నప్పుడు విజయవాడలో ఒక ట్రావెల్స్ వాళ్లు మాకిచ్చిన ప్లాన్ ఇది: కొలంబో, క్యాండీ, నువారా ఎలియా, చివర్లో బెంటోటా బీచ్. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. మా ఆయన ఆఫీసుకు కొలంబోలో బ్రాంచి ఉంది. అక్కడ పనిచేసే తమిళావిడకి ఆ ప్లాన్ వాట్సాప్‌లో పంపి ఎలా ఉందో చెప్పమని అడిగాం. ఆవిడ నుంచి వెంటనే వచ్చిన మాట: "మే నెలలో బెంటోటాకి మిమ్మల్ని ఎవరు పంపిస్తున్నారు?"

శ్రీలంక చిన్న దేశమే కానీ అక్కడ వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమర, దక్షిణ తీరాలను, కొండ ప్రాంతాలను తడిపేస్తాయి. బెంటోటా, హిక్కడువ, మిరిస్సా అన్నీ అటువైపువే. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, దిగడం ప్రమాదం. సరిగ్గా అప్పుడే తూర్పు తీరంలో ట్రింకోమలీ వైపు ఎండ కాస్తూ, సముద్రం చెరువులా నిశ్చలంగా ఉంటుంది. డిసెంబరు వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. మన స్కూళ్లకు సెలవులిచ్చేది మేలోనే కాబట్టి, పిల్లలతో వెళ్లే తెలుగువాళ్లకు ముందు తెలియాల్సిన విషయం ఇదే. మాకు ప్యాకేజీ అమ్మబోయినవాళ్లు మాత్రం ఈ ఊసే ఎత్తలేదు.

ఆవిడ ఇంకో రెండు సంగతులు చెప్పింది. మొదటిది, విమానాశ్రయం కొలంబోలో లేదు, ఊరికి ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కడినుంచి కొలంబో వచ్చి, మళ్లీ అదే దారిన వెనక్కి పోవడం దండగ. దిగగానే నేరుగా పాత బండకోట ఉన్న సిగిరియా వెళ్లిపోయి, కొలంబోని చివరికి ఉంచుకోమంది. రెండోది, మే 12న వెసాక్. బుద్ధ పౌర్ణమి అక్కడ మన దీపావళి, సంక్రాంతి కలిపినంత పండుగ. ఆ రోజుకి కొలంబో చేరేలా లెక్క వేసుకోమంది. మా ప్రయాణానికి రూపం వచ్చింది ఈ రెండు మాటలతోనే.

వీసా మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈటీఏ అనే అనుమతి బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఫీజు, నియమాలు మారుతుంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. దాన్ని పోలినట్టే ఉండే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, అవి పైన అదనంగా లాగుతాయి.

మేం చెన్నై మీదుగా వెళ్లాం. చెన్నై నుంచి గంటన్నర లోపే దిగిపోతాం. మాతో మా అత్తగారు ఉన్నారు, మోకాళ్ల నొప్పులు. బాబు ఏడో తరగతి. అందుకని బస్సుల జోలికి పోకుండా డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకున్నాం, రోజుకు 60 డాలర్ల దరిదాపుల్లో, పెట్రోలు వాళ్లదే. వ్యాన్ మాట్లాడేటప్పుడు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడు, తిండి ఖర్చు ఎవరిది? చాలా హోటళ్లలో డ్రైవర్లకు విడిగా గది ఉంటుంది. చిన్న గెస్ట్‌హౌస్‌లలో ఉండదు. ముందే అడిగితే వాళ్లే ఏర్పాటు చేస్తారు. అడక్కపోతే పాపం ఆ మనిషి బండిలోనే పడుకుని, పొద్దున్నే నిద్రకళ్లతో మనల్ని ఘాట్ రోడ్డు మీద తీసుకెళ్తాడు.

మాకు దొరికినాయన యాభై దాటిన సింహళీయుడు, నెమ్మదస్తుడు. సిగిరియా దారిలోనే చెప్పేశాడు: "మాతలె దగ్గర మసాలా తోటలు, క్యాండీలో రత్నాల దుకాణాలు ఉంటాయి. మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండమ్మా, ఎక్కడా ఆపను." మేం వద్దన్నాం. ఆయన ముఖం ఏమీ మారలేదు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నమ్మకం కుదిరింది. తర్వాత భోజనానికి ఎక్కడ ఆగాలన్నా, గుడికి ఏ వేళకు వెళ్లాలన్నా ఆయన మాటే విన్నాం. సలహా ఇచ్చేవాళ్లకి అందులో ఎంత లాభం ఉందో తెలిస్తే, ఆ సలహాని ఎంతవరకు తీసుకోవాలో మనకీ తెలుస్తుంది.

సిగిరియాలో బస ఒక ఇంటివాళ్ల గెస్ట్‌హౌస్‌లో. ముందు మామిడి చెట్టు, వెనక వరిచేను, నాలుగే గదులు. గది అద్దె, పొద్దున్న టిఫిను కలిపి మన డబ్బుల్లో మూడు వేల లోపే. ఏసీ శబ్దం గట్టిగా వస్తుంది, వేడినీళ్లు ఆలస్యం. అయినా మొత్తం ప్రయాణంలో నేను మళ్లీ ఉండాలనుకునే బస ఇదొక్కటే, అదీ ఆ ఇంటావిడ వల్ల. మా అత్తగారు మెట్లు దిగే తీరు చూసి, అడక్కుండానే కింది గది ఇచ్చింది. రాత్రి కూర్చోబెట్టి మర్నాటి సంగతి తేల్చింది: "సిగిరియా ఎక్కడానికి 1,200 మెట్లు. అమ్మను ఎక్కించొద్దు. మీరు ముగ్గురూ పొద్దున ఆరున్నరకల్లా గేటు దగ్గరుండండి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, గుంపులు వస్తాయి. అమ్మ నాతో వంటింట్లో ఉంటుంది. సాయంత్రం అందరూ దంబుల్ల గుహల గుడికి వెళ్లండి, అక్కడైతే ఆగి ఆగి ఎక్కొచ్చు."

అలాగే చేశాం. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు ఆ నిలువు బండ మీద కోట కట్టుకున్నాడు. సగం ఎత్తులో, గోడకు వేలాడుతున్నట్టున్న ఇనుప మెట్లెక్కితే రంగుల బొమ్మలు కనిపిస్తాయి. మేఘాల్లోంచి నడుము పైకి తేలిన ఆడవాళ్లు, చేతుల్లో పూలు. అజంతా చూసినవాళ్లకు వెంటనే చుట్టరికం తెలుస్తుంది. ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదయింది, అందరూ కళ్లతో చూస్తున్నారు. టిక్కెట్టు విదేశీయులకు బాగా ఎక్కువ, కానీ సార్క్ దేశాలవాళ్లకు, అంటే మనకు కూడా, దాదాపు సగం ధరే. అసలు పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. కౌంటర్‌లో మీరే అడగండి. పైన కందిరీగల హెచ్చరిక బోర్డులుంటాయి, అక్కడ అరవకూడదు, బాబును ముందే హెచ్చరించాం.

మేం తిరిగొచ్చేసరికి మా అత్తగారు అరుగు మీద కూర్చుని కొబ్బరి తురుముతున్నారు. ఆమెకీ, ఆ ఇంటావిడకీ ఒకరి భాష ఒకరికి రాదు. పొల్ సంబోల్ చేస్తున్నారట. కొబ్బరి, ఎండుమిరప, ఉల్లి, నిమ్మరసం కలిపి రోట్లో నూరేది. శాకాహారులు ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవాలి: ఇందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేయడం అక్కడ మామూలు. చూస్తే కొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది. పప్పులోనూ, కూరల్లోనూ పడుతుంది. 'వెజిటేరియన్' అంటే మాంసం లేదనే అర్థం చేసుకుంటారు చాలామంది. ఆ ఇంటావిడే మాకు సింహళంలో నేర్పింది: "మస్ ఎపా, మాళు ఎపా, ఉంబలకడ ఎపా" అనాలి. మాంసం వద్దు, చేప వద్దు, ఆ పొడీ వద్దు. ఈ మూడూ చెప్పాక ఎక్కడా ఇబ్బంది పడలేదు. తమిళులుండే ఊళ్లలో 'సైవం' అంటే చాలు.

ఇంకో మాట. మా తెలుగు విని ఆవిడ, అనురాధపురం వైపు అహికుంటకులని ఉన్నారనీ, పూర్వం పాములాడిస్తూ ఊరూరా తిరిగేవాళ్లనీ, వాళ్ల మాట కూడా ఇలాగే ఉంటుందనీ చెప్పింది. నిజమే, వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే, తరతరాలుగా. వెళ్లి చూడాలని మనసు లాగింది. కానీ పిలవని ఊరికి వెళ్లి మనుషుల్ని వింతగా చూసి రావడం బాగుండదని మానుకున్నాం.

సిగిరియా నుంచి ట్రింకోమలీ వంద కిలోమీటర్లు, రెండు గంటలు. ఊరికి ఉత్తరాన నీలావెళిలో సముద్రం ఒడ్డునే దిగాం. గది మామూలు, అద్దె ఎక్కువ, తలుపు తీస్తే ఇసుక. అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ ఆ నీళ్లకే. పొద్దున్న ఏడు గంటలకు మోకాలి లోతులో నిలబడితే కాలివేళ్లు కనిపిస్తాయి. బాబు ఆ తీరం వదిలి రానన్నాడు. దగ్గర్లో పిజియన్ ఐలండ్ జాతీయ వనం. పడవలో వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో తేలితే పగడాలు, గుంపులు గుంపులుగా చేపలు. పార్కు టిక్కెట్టు, పడవ, అద్దెసామాను విడివిడిగా లెక్కేస్తారు. మొత్తం ఎంతో ముందే మాట్లాడుకోవాలి. పడవవాళ్లు చెప్పిన ధరకూ, పక్కింటి కిరాణా కొట్టాయన "ఇంతివ్వండి చాలు" అన్న దానికీ బాగా తేడా ఉంది. కొట్టాయన మాటే నిలిచింది. పగడాల మీద నిలబడొద్దు, దయచేసి. మా కళ్ల ముందే ఇద్దరు నిలబడ్డారు.

కోనేశ్వరం గుడి సముద్రం మీదికి వంగిన కొండ కొమ్మున ఉంటుంది. 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పాత గుడిని కూల్చి ఆ రాళ్లతో కోట కట్టారు. ఇప్పుడా కోటలోంచే గుడికి దారి, దారిపొడుగునా జింకలు తిరుగుతుంటాయి. సాయంత్రం పూజకు వెళ్లమని డ్రైవర్ చెప్పాడు. నాదస్వరం, కింద అలల హోరు, మా అత్తగారు అక్కడినుంచి కదలలేదు. ఊరి బయట కన్నియ వేడినీళ్ల బావులు కూడా చూశాం: చిన్న చిన్న ఏడు బావులు, ఒక్కోదానిలో ఒక్కో వేడి. చూడాల్సిందే అని చెప్పను, దారిలో ఉంటే ఆగండి.

క్యాండీ విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. బుకింగ్ సైట్‌లో 'లేక్ వ్యూ' అని చూసి తీసుకున్న హోటల్ గదికి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే వ్యూ రెస్టారెంట్ నుంచి వస్తుందన్నారు. పైగా హోటల్ నిటారైన గుట్ట మీద, కిందికి దిగితే ఆటో లేకుండా పైకి రాలేం. పెద్దవాళ్లతో వెళ్తే క్యాండీలో చెరువు చుట్టూ ఉండే రోడ్డులోనే బస చూసుకోండి, వ్యూ లేకపోయినా పర్లేదు.

అయినా దంతధాతువు ఉన్న దళదా మాలిగావ గుడి కోసం క్యాండీ వెళ్లాలి. బుద్ధుడి దంతాన్ని కళింగ దేశపు దంతపురం నుంచి హేమమాల అనే రాకుమారి జుట్టులో దాచి తెచ్చిందని వాళ్ల కథ. మన శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోటే ఆ దంతపురమని కొందరు చరిత్రకారులు అంటారు. గుడి ముందుండే ఎనిమిది మూలల మండపమూ, ఎదురుగా చెరువూ కట్టించింది క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నాయక్కర్ రాజుల్లో ఆఖరివాడు, తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం. బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని వేలూరుకు పంపేస్తే 1832లో అక్కడే పోయాడు. ఆ చెరువు గట్టున నడుస్తూ ఈ సంగతి మా బాబుకి చెప్పినప్పుడు నాకు గొంతు పట్టేసింది. మా పాఠాల్లో ఈ రాజు మాట ఎక్కడా చదవలేదు.

కొండ ఊళ్లు నువారా ఎలియా, ఎల్లా వదిలేశాం. మే వానల్లో పెద్దావిడతో కొండలెక్కొద్దని అందరూ ఒకే మాట అన్నారు. బాబు రైలు సరదా తీర్చడానికి క్యాండీ నుంచి కొలంబో రైలెక్కాం. స్టేషన్‌లో ఒక పెద్దాయన ఏ వైపు కూర్చోవాలో చూపించి పోయాడు. కడుగన్నావ దగ్గర లోయ తెరుచుకున్నప్పుడు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొలంబోలో వెసాక్. గంగారామయ గుడి, బెయిరా చెరువు చుట్టూ కాగితపు లాంతర్లు, బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలు చెప్పే నిలువెత్తు విద్యుద్దీపాల తోరణాలు. ఆ రోజుల్లో మద్యం, మాంసం దుకాణాలు మూసేస్తారు, మా శాకాహారానికి అంతకంటే ఏం కావాలి. కొలంబో ఆవిడే మమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పింది, తను హిందువైనా తెల్ల బట్టలు కట్టుకుని. రోడ్డు పక్కన దన్సల్‌లు, అంటే దారినపోయేవాళ్లందరికీ ఉచితంగా అన్నం పెట్టే పందిళ్లు. కాలేజీ కుర్రాళ్లు జెండాలు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి, బండ్లు ఆపి, తిని వెళ్లమని బతిమాలుతున్నారు. ఒక పందిట్లో ఉడకబెట్టిన కర్రపెండలం, కొబ్బరి, ఉల్లికారం పెట్టారు. ఆకు మీద ఆవిర్లు కక్కుతున్న ముక్క విరిస్తే లోపల పిండిలా విడిపోయింది. నేను డబ్బులు తీయబోతే ఆ కుర్రాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. మా అత్తగారు అతని తల నిమిరారు.

పెరుగు, పాకం గురించి చెప్పకుండా ఆపలేను. మట్టి ముంతలో గేదె పెరుగు, దాని మీద కితుల్ పాకం. కితుల్ అంటే మన ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టే. దారి పక్క కొట్లలో ముంతలు వరసగా వేలాడుతుంటాయి, ఆగి తినండి.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను శ్రీలంకను, ముఖ్యంగా కొండ ప్రాంతాలను దారుణంగా దెబ్బతీసింది. ఎంతోమంది పోయారు, కొండ రైలు మార్గం చాలాచోట్ల తెగింది. క్యాండీ-ఎల్లా రైలు కోసమే ప్లాన్ వేసుకుంటే, టిక్కెట్లకన్నా ముందు మీరు దిగబోయే గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి ఏ స్టేషన్ల మధ్య నడుస్తోంది, రోడ్లు ఎలా ఉన్నాయని అడగండి. వెళ్లడం మానకండి, అక్కడ చిన్న బసలవాళ్లకు మన రాక చాలా అవసరం. డిసెంబరు, జనవరిలో అయితే మేం వెళ్లిన తూర్పు తీరం వద్దు, గాలె, మిరిస్సా వైపు వెళ్లండి. మేలో అయితే ట్రింకోమలీకే నా ఓటు.